గళ్ళ ఆటలో గోడ



ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లలకు కొన్నాళ్ళు పోయేసరికి ఒక ఆట రాయాలనిపిస్తుంది. మార్కుల సగటు కట్టే ప్రోగ్రాం, ప్రధాన సంఖ్యలు వెతికే ప్రోగ్రాం రాసి రాసి, తెర మీద కదిలేది ఏదైనా చేద్దామని మనసు లాగుతుంది. అప్పుడు చాలామంది ముందుగా పట్టుకునేది గళ్ళ ఆట. అడ్డం నిలువు గళ్ళు, వాటిలో కొన్ని గోడలు, ఒక ఆటగాడు, ఒక మూలన చేరుకోవలసిన గడి. బాణం మీట నొక్కితే ఆటగాడు కదలాలి, గోడ అడ్డొస్తే ఆగాలి. ఒక పూటలో అయిపోయే పని అనిపిస్తుంది. తీరా రాశాక ఆటగాడు గోడలోంచి నేరుగా నడిచిపోతాడు. ఒక్కోసారి ఏమీ లేనిచోట నిలబడిపోయి ఎంత నొక్కినా కదలడు. ఒక్కోసారి తెర మీద నుంచే మాయమైపోతాడు.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ గోడ గురించి. పెద్దతిప్పసముద్రం, ములకలచెరువు, పుంగనూరు, కుప్పం వైపు నుంచి డిగ్రీకో, డిప్లొమాకో, ఇంజనీరింగుకో వెళ్తూ, ఇంట్లో ప్రోగ్రాం గురించి అడగడానికి మనిషి లేని పిల్లలను మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాను. కంప్యూటర్ ముట్టుకోని పెద్దలు కూడా వినవచ్చు. ఇందులో గళ్ళు, చిన్న చిన్న అంకెలు తప్ప ఇంకేమీ లేవు.

దగ్గర్లో లెక్కల గళ్ళ నోటుపుస్తకం ఉంటే ఒక పేజీ తెరవండి. అడ్డంగా 7 గళ్ళు, నిలువుగా 5 గళ్ళు వచ్చేలా ఒక చట్రం గీయండి. అంచున ఉన్న గళ్ళన్నీ పెన్సిలుతో నింపేయండి. అవి గోడలు. లోపల 15 గళ్ళు మిగులుతాయి. వాటిలో కూడా ఒకటి రెండు నింపి, ఒక ఖాళీ గడిలో చింతపిక్క పెట్టండి. అదే ఆటగాడు.

ఈ పటాన్ని కంప్యూటర్‌కు చెప్పాలంటే గోడకు 1, దారికి 0 అని రాస్తాం. ఒక్కో వరుస ఒక లిస్టు. అలాంటి లిస్టులు ఐదింటిని ఒకదాని కింద ఒకటి పేరిస్తే పటం మొత్తం వచ్చేస్తుంది. ఆటగాడికి రెండు అంకెలు చాలు: ఎన్నో వరుసలో ఉన్నాడు, ఆ వరుసలో ఎన్నో గడిలో ఉన్నాడు. లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి వరుసలు 0 నుంచి 4 వరకు, గళ్ళు 0 నుంచి 6 వరకు. 0 నుంచే ఎందుకు లెక్కపెట్టాలో డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త 1982లో ప్రత్యేకంగా ఒక చిన్న వ్యాసమే రాశాడు. కొత్తవాళ్ళకు ఇది కొన్నాళ్ళు ఇబ్బంది పెడుతుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి. తెర మీద మనకు కనబడే ఇటుక రంగు గడి ఎవరినీ ఆపదు. అది ఒట్టి బొమ్మ. ఆటగాడిని ఆపేది, అడుగు వేసే ముందు ప్రోగ్రాం అడిగే ప్రశ్న: నేను పోబోయే గడిలో 1 ఉందా, 0 ఉందా? ఆ ప్రశ్న అడగకపోతే గోడ లేనట్టే. తప్పు గడి గురించి అడిగితే గోడ ఇంకోచోట లేస్తుంది. గళ్ళ ఆటలో ఆటగాడు గోడలో దూరాడంటే, తెర మీద బొమ్మ ఒక మాట చెబుతోంది, లోపలి అంకెలు ఇంకో మాట చెబుతున్నాయి. కొత్తవాళ్ళు బొమ్మను చూస్తూ ప్రోగ్రాంలో అక్కడొకటి ఇక్కడొకటి మారుస్తూ పోతారు. చూడవలసింది అంకెలను.

అన్నిటికంటే ఎక్కువగా కనబడే తప్పు వరుసక్రమంలో ఉంటుంది. కుడి బాణం నొక్కగానే ఆటగాడి గడికి ఒకటి కలిపేస్తారు. ఆ తర్వాత, ఇప్పుడున్న గడి గోడా అని అడుగుతారు. అప్పటికే వాడు గోడలో నిలబడి ఉన్నాడు. గోడ అని జవాబు వస్తుంది, కానీ ఆ జవాబుతో చేసేదేముంది?

మన వైపు పాత గుళ్ళ మండపాల్లో, ఊరి అరుగుల మీద రాతిలో చెక్కిన పులిజూదం పటాలు ఇప్పటికీ కనబడతాయి. పులిజూదం ఆడేవాళ్ళ చేతిని గమనించండి. 3 పులులు, 15 మేకలు. పులి పక్క చుక్కకు పోవాలన్నా, మేక మీద నుంచి దూకాలన్నా, ఆడేవాళ్ళ కన్ను ముందు ఆ చుక్క మీదికి పోతుంది. అది ఖాళీ అని తేలాకే చెయ్యి రాయిని కదుపుతుంది. పులిని పెట్టేసి తర్వాత చూద్దామనేవాళ్ళు ఉండరు. ప్రోగ్రాం కూడా అట్లాగే నడవాలి. పోవాలనుకుంటున్న వరుసను, గడిని వేరే పేర్లతో లెక్కకట్టి పక్కన పెట్టుకోవాలి. ఆటగాడి అసలు అంకెలను ఇంకా ముట్టుకోకూడదు. ఆ కొత్త గడి గురించి అడగాలి. దారి అని తేలితేనే కొత్త అంకెలను ఆటగాడికి ఇవ్వాలి.

కొందరు ఇంకో దారి పడతారు: ముందు కదిలించి, గోడ అని తెలిశాక ఒక అడుగు వెనక్కి లాగుతారు. పైకి పని జరిగినట్టే ఉంటుంది. ఆటలోకి నాణేలో, ముళ్ళగుంటలో వచ్చాక దాని బండారం బయటపడుతుంది. ఆటగాడు గోడలో అడుగుపెట్టి వెనక్కి వచ్చే ఆ లిప్తపాటులో అడుగుల లెక్క పెరిగిపోతుంది, ఉన్న నాణెం పోతుంది, లేని దెబ్బ తగులుతుంది. అప్పుడు ఆ తప్పు ఎక్కడ పుట్టిందో వెతకడం చాలా కష్టం. అందుకే మొదటినుంచీ అడిగి కదలడమే నేర్చుకోవాలి.

పులి మేక మీద నుంచి దూకేటప్పుడు చూడవలసినవి రెండు చుక్కలు: పక్కన మేక ఉందా, దాని అవతల ఖాళీ ఉందా. జపాన్‌లో ఇమబయాషి హిరోయుకి 1981లో తయారుచేసిన సోకోబాన్ అనే గళ్ళ ఆట కూడా ఇలా రెండు గళ్ళు ముందుకు చూడటం మీదే నిలబడి ఉంది. గిడ్డంగిలో కూలీ పెట్టెలను తొయ్యాలి. పెట్టె అవతలి గడి ఖాళీగా ఉంటేనే పెట్టె కదులుతుంది, పెట్టె కదిలితేనే కూలీ కదులుతాడు. గోడ దగ్గర తడబడకుండా రాయగలిగిన పిల్లలు తర్వాతి మెట్టుగా సోకోబాన్ రాసి చూడాలని నా కోరిక. రెండు పేజీలు దాటని ప్రోగ్రాం, కానీ ఆలోచన చాలా నేర్పుతుంది.

ఇప్పుడు ఒక తప్పును దగ్గరగా చూద్దాం. పెద్దతిప్పసముద్రం మండలంలోని ఒక పల్లె నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న అమ్మాయి ఒకరోజు తన ఆటను చూపించింది. అడ్డం 5, నిలువు 5 గళ్ళు. అంచుల్లో గోడలు చక్కగా ఆపుతున్నాయి. లోపల ఒక గోడ పెట్టగానే గొడవ మొదలైంది.

"గోడ పెట్టినాను సార్, అయినా దూరి పోతా ఉంది" అంది.

"ఎక్కడ పెట్టినావమ్మా?"

"ఒకటో వరుసలో మూడో గడి సార్. సున్నా నుంచి లెక్కబెడితే."

"సరే, గోడ పెట్టనిచోట ఎక్కడైనా ఊరికే ఆగిపోతా ఉందేమో చూడు."

ఒక్కో గడిలోకీ ఆటగాడిని నడిపించి చూసింది. "ఆగుతా ఉంది సార్. మూడో వరుస ఒకటో గడి దగ్గర. అక్కడ నేనేమీ పెట్టలా."

ఒకటి, మూడు. మూడు, ఒకటి. ఆ అమ్మాయికి సగం అర్థమైంది, ముఖంలో తెలిసింది. కానీ నేను వెంటనే ప్రోగ్రాం మార్చనివ్వలేదు. గోడ గురించి అడిగే చోట ఒక ప్రింట్ వాక్యం పెట్టమన్నాను: ఆటగాడు ఉన్న వరుస, గడి, పోవాలనుకుంటున్న వరుస, గడి, అక్కడ లిస్టులో దొరికిన అంకె. మీట నొక్కే ముందు, ఆ చివరి అంకె ఎంత రావాలో నోటుపుస్తకంలో రాయమన్నాను. 1 అని రాసింది. మీట నొక్కింది. తెర మీద 0 వచ్చింది. తను అనుకున్న 1 పుస్తకంలో ఉంది, ప్రోగ్రాం చెప్పిన 0 తెర మీద ఉంది. ఇక ఊహలతో పని లేదు. ఆ రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో వెతకడమే మిగిలింది.

పటాన్ని గీసే భాగంలో వరుస తర్వాత వరుస సరిగ్గానే గీసింది. గోడను అడిగే భాగంలో మాత్రం అడ్డం అంకెను ముందు, నిలువు అంకెను తర్వాత ఇచ్చింది. బొమ్మ గీసే చేయి ఒక లెక్కలో, గోడను అడిగే నోరు ఇంకో లెక్కలో నడుస్తున్నాయి. అంచు గోడలు నాలుగు వైపులా ఒకే తీరుగా ఉండటం వల్ల, పటం చదరంగా ఉండటం వల్ల తారుమారైనా అక్కడ ఏమీ తెలియలేదు.

ఆ పొరపాటు ఆ అమ్మాయి ఒక్కదానిదే కాదు. బడిలో గ్రాఫు కాగితం మీద బిందువు పెట్టేటప్పుడు ఎక్స్ ముందు, వై తర్వాత అని అందరం నేర్చుకున్నాం. అడ్డం ముందు, నిలువు తర్వాత. లిస్టులో పటం పేర్చినప్పుడు వరుస ముందు రావాలి, అంటే నిలువు లెక్క ముందు. గ్రాఫులో వై పైకి పోయేకొద్దీ పెరుగుతుంది, తెర మీద కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. అందుకే పై బాణం నొక్కితే ఆటగాడు కిందికి దిగే ఆటలు మొదటి వారంలో ప్రతి తరగతిలోనూ కనబడతాయి. పైకి పోవాలంటే వరుసలోంచి ఒకటి తీసెయ్యాలి. నోటుపుస్తకంలో చింతపిక్కను పైకి జరిపి చూస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది.

ఆ అమ్మాయి తర్వాత రెండు పనులు చేసింది. ఎక్స్, వై అనే పేర్లు తీసేసి వరుస, గడి అని పేర్లు పెట్టుకుంది. ఆట రాసింది పైథాన్ అనే భాషలో. దాని మూడో తరం వచ్చిన 2008 నుంచీ పేర్లను తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు, పైథాన్ అభ్యంతరం చెప్పదు. "వరుస" అని తెలుగులో రాసుకున్న చోట అడ్డం అంకె పెట్టడానికి చెయ్యి వెనకాడుతుంది. నా వరకు నేను కొత్తవాళ్ళకు ఇలాగే రాసుకొమ్మని చెబుతాను. ఉద్యోగానికి పోయాక అక్కడి అలవాటు ప్రకారం రాసుకోవచ్చు, నేర్చుకునేటప్పుడు అర్థం ముఖ్యం.

రెండో పని, పటాన్ని 7 గళ్ళ వెడల్పు, 5 వరుసల ఎత్తుకు మార్చింది. చదరం కాని పటంలో అడ్డం నిలువు తారుమారైతే ప్రోగ్రాం త్వరగానే ఆగిపోతుంది. 5వ గడికి పోబోతే, ప్రోగ్రాం 5వ వరుసను వెతుకుతుంది. వరుసలు 4తోనే అయిపోయాయి. ఇండెక్స్ ఎర్రర్ అని ఎర్రటి అక్షరాల్లో వస్తుంది. ఆ ఎర్రటి అక్షరాలు చూసి పిల్లలు భయపడతారు. నిజానికి అంత మేలు చేసే సందేశం ఇంకొకటి ఉండదు. ఏ పంక్తిలో తప్పు జరిగిందో అదే చెబుతుంది.

భయపడవలసింది చప్పుడు చేయని తప్పులకు. వాటిలో ఒకటి పైథాన్‌లో తరచూ ఎదురవుతుంది. లిస్టులో మైనస్ 1వ వస్తువు కావాలంటే పైథాన్ ఎర్రర్ ఇవ్వదు, చివరి వస్తువును తెచ్చి ఇస్తుంది. చాలాచోట్ల అది సౌకర్యమే. గళ్ళ ఆటలో అదే ఉచ్చు అవుతుంది. పటానికి పై అంచున ఒక గడిని గోడ కాకుండా దారిగా వదిలారనుకోండి. ఆటగాడు 0వ వరుసకు వచ్చి ఇంకా పైకి పోబోతాడు. కొత్త వరుస మైనస్ 1. ప్రోగ్రాం లిస్టును అడుగుతుంది. పైథాన్ అడుగు వరుసలోని గడిని తెచ్చి చూపిస్తుంది. అక్కడ గోడ ఉంటే ఆటగాడు ఆగిపోతాడు. ఆహా, సరిగ్గా పనిచేస్తోంది అనుకుంటాం. అది పనిచేయడం కాదు, అదృష్టం. రేపు అడుగు వరుసలో కూడా అదే నిలువులో ఒక గుమ్మం పెడితే ఆటగాడు పైనుంచి బయటికి పోతాడు, వాడి వరుస మైనస్ 1 అవుతుంది, గీసే భాగం 0 నుంచి 4 వరకే గీస్తుంది కాబట్టి వాడు తెర మీద ఎక్కడా కనబడడు. అదే కుడివైపు బయటికి పోతే ఎర్రర్ వస్తుంది. కుడివైపు, కిందివైపు అరుస్తుంది, ఎడమవైపు, పైవైపు నోరు మూసుకుంటుంది.

దీనికి మందు చిన్నదే. గోడా కాదా అని అడిగే ముందు, అసలు ఆ గడి పటంలో ఉందా అని అడగాలి. వరుస 0 కంటే తక్కువ కాకూడదు, 5 కంటే తక్కువగా ఉండాలి. గడి 0 కంటే తక్కువ కాకూడదు, 7 కంటే తక్కువగా ఉండాలి. తక్కువగా ఉండాలి అన్నచోట, తక్కువ లేదా సమానం అని రాస్తే ఒక గడి అవతలికి పోతాం. ఈ రెండు ప్రశ్నలనూ ఒకే చిన్న ఫంక్షన్‌లో పెట్టి, "పోవచ్చా" అని పేరు పెట్టండి. ఆటగాడైనా, తరిమే దయ్యమైనా, తోసే పెట్టె అయినా, అందరూ ఆ ఒక్క గుమ్మం దగ్గరే అడగాలి. పదిచోట్ల పది రకాలుగా రాసిన ప్రశ్నల్లో ఒకటి తప్పినా వెతకడం కష్టం.

ఇంకొక మాట తొందరగా చెప్పేస్తాను. ఖాళీ పటం చేయడానికి కొందరు ఒక వరుస రాసి, దాన్ని ఇంకో లిస్టులో పెట్టి 5తో గుణిస్తారు. పైథాన్ అప్పుడు ఐదు వరుసలు చేయదు, ఒకే వరుసకు ఐదు పేర్లు పెడుతుంది. ఒక గడిలో గోడ పెడితే పైనుంచి కిందిదాకా నిలువునా గోడ లేస్తుంది. ఇలాంటిది కనబడితే గోడను అడిగే ప్రశ్నను అనుమానించవద్దు, పటం పుట్టిన పంక్తిని చూడండి. ప్రతి వరుసనూ లూపులో విడివిడిగా తయారుచేస్తే సరిపోతుంది.

ఇలాంటి తప్పులు కొత్తవాళ్ళకే వస్తాయని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. 1980లో జపాన్‌లో నామ్‌కో కంపెనీ పాక్‌మ్యాన్ ఆటను విడుదల చేసింది. ఇవతాని తోరు దాని రూపకర్త. ప్రపంచమంతా ఆడిన ఆట. దాని తెర అడ్డంగా 28, నిలువుగా 36 గళ్ళుగా ఉంటుంది. ఒక్కో గడి 8 చుక్కల (పిక్సెల్‌ల) వెడల్పు, 8 చుక్కల ఎత్తు. పాక్‌మ్యాన్ అనే ఆటగాడు, వాణ్ణి తరిమే దయ్యం రెండూ కొద్ది కొద్దిగా జారుతూ కదులుతున్నట్టు కనబడతాయి. కానీ దయ్యం పట్టుకుందా లేదా అనే ప్రశ్నను ఆట ఆ చుక్కలను చూసి అడగదు, గళ్ళను చూసి అడుగుతుంది. ఇద్దరూ ఒకే గడిలో ఉంటేనే పట్టుబడినట్టు. ఎదురెదురుగా వస్తున్న ఇద్దరూ సరిగ్గా ఒకే క్షణంలో గళ్ళు మార్చుకుంటే? దయ్యం గడిలోకి పాక్‌మ్యాన్, పాక్‌మ్యాన్ గడిలోకి దయ్యం. ఏ క్షణంలోనూ ఇద్దరూ ఒకే గడిలో లేరు. ఒకరిలోంచి ఒకరు దాటిపోతారు. అరుదుగానే అయినా ఇది నిజంగా జరుగుతుంది, ఆటలో ఆరితేరినవాళ్ళు దీన్ని కనిపెట్టి రాసిపెట్టారు.

మన పిల్లలు రాసే ఆటల్లో ఇది అరుదుగా కూడా కాదు, మాటిమాటికీ జరుగుతుంది. ఎందుకంటే మన ఆటలో ఒక్కో కదలికా నిండు గడి. ఆటగాడు ఒక గడి కుడికి, శత్రువు ఒక గడి ఎడమకు, ఇద్దరూ పక్కపక్కన ఉంటే మార్చుకుని పోతారు. ఒకే గడిలో ఉన్నారా అని అడిగితే చాలదు. ఇతను పోయిన గడి అతను వచ్చిన గడి, అతను పోయిన గడి ఇతను వచ్చిన గడి అయిందా అని కూడా అడగాలి. దానికోసం ప్రతి ఒక్కరి పాత స్థానాన్ని కదిలించే ముందే దాచుకోవాలి.

అదే పాక్‌మ్యాన్‌లో 256వ మెట్టుకు చేరితే తెర కుడి సగం పిచ్చి అక్షరాలతో నిండిపోతుంది. మెట్టు సంఖ్యను దాచిన చోట 255 దాకానే పడుతుంది, ఆపైన లెక్క తిరిగి సున్నాకు వస్తుంది. 1985లో నింటెండో తెచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో రెండో మెట్టు చివర, గోడ పక్కన ఒక తీరులో వెనక్కి ఎగిరితే మారియో గోడలోంచి దూరి అవతలికి పోతాడు. గోడలో ఇరుక్కున్నవాడిని ఒక పక్కకు నెట్టెయ్యమని ప్రోగ్రాంలో ఉంది. ముందు కదిలించి తర్వాత సర్దే పద్ధతి గురించి ఇందాక చెప్పానే, అదే. సర్దేటప్పుడు అవతలి పక్కకు సర్దింది. ఆరితేరినవాళ్ళు రాసిన ప్రోగ్రాంలోనూ గోడ అంటే ఒక ప్రశ్నే. ఆ ప్రశ్న ఎప్పుడు అడుగుతామో, దేని గురించి అడుగుతామో దాన్నిబట్టే గోడ ఉంటుంది.

ఇప్పుడు నా మనసులో చాలాకాలంగా ఉన్న మాట. ప్రోగ్రామింగ్ ల్యాబ్ అంటే చాలామంది పిల్లలకు రికార్డు రాయడం. బోర్డు మీద ఉన్నది ఎక్కించి, అవుట్‌పుట్ కూడా చూసి రాసి, సంతకం పెట్టించుకుంటారు. తప్పు లేని ప్రోగ్రాంనే ఎప్పుడూ చూస్తారు. తప్పు ఎలా దొరుకుతుందో చూసే అవకాశమే రాదు. తర్వాత ఇంటర్వ్యూలో, ఈ ప్రోగ్రాం ఎందుకు ఆగిపోతోంది అని అడిగితే నోరు పెగలదు. తెలివి లేక కాదు, ఆ సాధన ఎప్పుడూ చేయలేదు. ఇప్పుడు ఫోనులో అడిగితే సరైన ప్రోగ్రాం మొత్తం వచ్చేస్తోంది. అడగండి, తప్పు లేదు. కానీ అడిగే ముందు తప్పు ఎక్కడుందని మీరనుకుంటున్నారో ఒక్క వాక్యం రాసుకోండి. ఆ వాక్యం లేకుండా జవాబు చదివితే ఏమీ నిలవదు.

మదనపల్లె పక్కన రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు పల్లెబడుల కోసం తయారుచేసిన పద్ధతి చాలామందికి తెలిసే ఉంటుంది. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలాగా పేర్చి, ఒక్కో పిల్ల తన మెట్టు ఎక్కాకే తర్వాతి కార్డు తీసుకునేలా చేశారు. దేశంలోని ఎన్నో రాష్ట్రాలు ఆ పద్ధతిని చూసి తమ బడులకు తెచ్చుకున్నాయి. తప్పు వెతకడంలో కూడా నాకు నచ్చే దారి అదే. ఒకేసారి నాలుగు మార్పులు చేసి, ఆట బాగుపడితే, దేనివల్ల బాగుపడిందో తెలియదు. ఒక్కటి మార్చాలి, ఆడి చూడాలి, ఏమైందో రాసుకోవాలి, ఆ తర్వాతే రెండోది. పటం పెద్దదైతే, అదే తప్పు జరిగేంత చిన్న పటం చేసుకోవాలి. 3 వరుసలు, 4 గళ్ళు. అందులో లోపలి గళ్ళు రెండే. తప్పు దాక్కోవడానికి చోటు ఉండదు.

కంప్యూటర్ లేదే అనేవాళ్ళకు ఒక మాట. కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ ఐ-కమ్యూనిటీ పేరుతో ఒక పని మొదలుపెట్టింది. పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు పెట్టారు, పొదుపు సంఘాల ఆడవాళ్ళకు సోలార్‌తో నడిచే ఫోటో ప్రింటర్లు, కెమెరాలు ఇచ్చారు. వాళ్ళు ఊరూరా తిరిగి ఫోటోలు తీసి సంపాదించుకున్నారు. అప్పట్లో కంప్యూటర్‌ను పల్లెకు తేవడమే పెద్ద పని. ఇప్పుడు చేతిలో ఉన్న ఫోనే కంప్యూటర్. పైడ్రాయిడ్ అనే యాప్ వేసుకుంటే ఫోనులోనే, ఇంటర్నెట్ లేకున్నా, పైథాన్ ప్రోగ్రాం నడుస్తుంది. బొమ్మలు అక్కర్లేదు. గోడకు ఒక గుర్తు, దారికి చుక్క, ఆటగాడికి ఒక అక్షరం పెట్టి వరుసలు వరుసలుగా ప్రింట్ చేస్తే ఆట తయారు. పైకి, కిందికి, కుడికి, ఎడమకు ఒక్కో అక్షరం టైపు చేసి ఎంటర్ నొక్కడం. పెద్దతిప్పసముద్రం నుంచి మదనపల్లె బస్సులో కూర్చుని కూడా రాసుకోవచ్చు. పైగా బొమ్మలు లేని ఆటలో తప్పులు సులభంగా దొరుకుతాయి, ఎందుకంటే తెర మీద ఉన్నవీ అక్షరాలే, లోపల ఉన్నవీ అంకెలే, పోల్చి చూసుకోవడం తేలిక.

ఇదంతా వచ్చాక చేయదగిన పని ఒకటి చెబుతాను: పులిజూదాన్నే కంప్యూటర్‌లోకి తీసుకురండి. అది చదరపు గళ్ళ పటం కాదు. గీతలు ఏటవాలుగా పోతాయి, కొసన ఒక చుక్క దగ్గర కలుస్తాయి. వరుసకు ఒకటి కలిపితే పక్క చుక్క వస్తుందన్న లెక్క అక్కడ చెల్లదు. కాబట్టి గోడలను దాచుకోవడం మానేసి దారులను దాచుకోవాలి. ప్రతి చుక్కకూ ఒక అంకె వేసి, ఆ చుక్క నుంచి ఏయే చుక్కలకు గీత ఉందో ఒక లిస్టు రాయాలి. దూకడానికి మూడేసి అంకెలు: బయలుదేరే చుక్క, మధ్యలో మేక ఉండవలసిన చుక్క, వాలే చుక్క. లిస్టులో లేని దారి అంటే గోడే.

అక్కడ వచ్చే తప్పు కూడా ముందే చెప్పేస్తాను. 4వ చుక్క లిస్టులో 7 రాస్తారు, 7వ చుక్క లిస్టులో 4 రాయడం మరచిపోతారు. పులి పోగలదు, తిరిగి రాలేదు. ఆడుతూ దాన్ని పట్టుకోవాలంటే చాలా పొద్దు పోతుంది. ఆట మొదలయ్యే ముందే ప్రతి దారికీ తిరుగుదారి ఉందా అని ప్రోగ్రాంచేతే ఒకసారి చూపించుకోండి. నాలుగైదు పంక్తుల లూపు చాలు. చుక్కలను మాత్రం కాగితం మీది పటంతో మీరే ఒక్కొక్కటిగా సరిచూసుకోండి, ఎందుకంటే రెండువైపులా మరచిపోయిన దారిని ఆ లూపు పట్టుకోలేదు.